గుర్రం అధ్యాయం

మా అమ్మకి మతిమరుపు మొదలైందన్న సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది మా అమ్మే. మాకు చెప్పింది కూడా. మేమే నమ్మలేదు.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్ వంటింట్లో, ఆఫీస్‌కి బయల్దేరుతూ నేను నిలబడే కాఫీ తాగుతుంటే, అమ్మ చిన్న నోట్‌బుక్ తెరిచి చదివి వినిపించింది. "సోమవారం. కుక్కర్ మూత చేతిలో ఉంది. ఎందుకు తీశానో తెలియలేదు. మొదట ఖాళీగా అనిపించింది. భయం తర్వాత వచ్చింది. బుధవారం. కింది ఫ్లాట్ ఆవిడ పేరు గుర్తుకి రాలేదు. మామూలుగా పేరు రాకపోయినా మొదటి అక్షరం నాలుక మీదుంటుంది. ఈసారి అక్షరం కూడా లేదు. ఇది వేరు." ఇలాంటివి రెండు పేజీలున్నాయి. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని, "ఇది వయసుతో వచ్చే మరుపు కాదే. పరీక్ష చేయించాలి" అంది.

"నేనూ మొన్న కార్ తాళాలు ఫ్రిజ్‌లో పెట్టానమ్మా" అన్నాను. నవ్వాను కూడా. ఆ సాయంత్రం నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే, వాడు స్పీకర్‌లోంచి, "అమ్మా, నీకు మతిమరుపేంటి, మా ఇద్దరి ఫస్ట్ క్లాస్ మార్కులు ఇప్పటికీ అప్పజెప్తావు" అన్నాడు. ముగ్గురిలో ఇద్దరం నవ్వాం.

అమ్మకి కోపం వచ్చింది. నవ్వినందుకు కాదు, తన చూపుని లెక్కచెయ్యనందుకు. ఆ కోపం అర్థం కావాలంటే ఆవిడ ఉద్యోగం గురించి చెప్పాలి. కోస్తాలో ఒక చిన్న ఊరి మహిళా కాలేజీలో అమ్మ ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సైకాలజీ చెప్పింది. ఊళ్ళో సగం మంది దృష్టిలో అది పిచ్చివాళ్ళ చదువు. మిగతా సగానికి మొహం చూసి జాతకం చెప్పే విద్య. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు "నా మనసులో ఏముందో చెప్పండి మేడమ్" అని ఇకిలించేవారు. "నా మనసులో ఏముందో చెప్పనా?" అనేది అమ్మ, పళ్ళు కొరుక్కుంటూ.

ఆవిడకి ప్రాణమైన పేపరు ఆ శాస్త్రం పుట్టుక గురించినది. ఫిలాసఫీ చంక దిగి సైకాలజీ సొంత కాళ్ళ మీద నడవడం నేర్చుకున్న రోజులవి అని చెప్పేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఒక ప్రొఫెసరు గారు మనసుని కొలవొచ్చని నాలుగు గదుల్లో ప్రయోగశాల పెట్టాడు. చప్పుడు వినపడగానే మీట నొక్కాలి. చెవికీ వేలికీ మధ్య పోయిన కాలాన్ని, సెకనులో వెయ్యో వంతు దాకా, ఒక ఇత్తడి గడియారం కొలిచేది. దాంతోపాటు ఇంకొకటి నేర్పించేవాళ్ళు. మనసులో ఏం జరుగుతోందో మనసే చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. అమ్మ దాన్ని అంతఃపరిశీలన అనేది. అదేమీ గోడకి జారబడి చేసే ఆలోచన కాదు. దానికి సాధన కావాలి. పండు చూపిస్తే "పండు" అనకూడదు. ఎరుపు, నునుపు, చల్లదనం, వాటి వెనక వచ్చిన ఒక చిన్న ఇష్టం, ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, అలా చెప్పాలి. ఏళ్ళ తరబడి అలవాటు చేసుకున్నవాళ్ళ మాటనే లెక్కలోకి తీసుకునేవారట.

ఖాళీ ముందు వచ్చింది, భయం తర్వాత వచ్చింది అని మా అమ్మ రాసుకున్నది అదే. ఆ చదువు చదివి, దాన్నే ఆడపిల్లలకి చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి, తన మనసులోకి తొంగి చూసుకుని, వారం వేసి రాసి తెచ్చి మా ముందు పెట్టింది. మేం కార్ తాళాల కథ చెప్పాం. మనిషి తన గురించి తను చెప్పుకునే మాట పనికిరాదు, పైకి కనిపించే పనులే చూడాలి అని తర్వాతి కాలంలో అమెరికాలో కొందరు పెద్దలు తేల్చేశారని అమ్మే చెప్పేది. అమెరికాలో ఉంటున్నాం కదా, మాకూ ఆ సంప్రదాయం బాగానే వంటబట్టింది.

నాన్న పోయాక గ్రీన్ కార్డు మీద వచ్చినప్పుడు అమ్మ పచ్చళ్ళు తేలేదు. లాంగ్ నోట్‌బుక్కులు తెచ్చింది. తెలుగు మీడియం డిగ్రీ పిల్లల కోసం సైకాలజీ చరిత్ర రాస్తోంది. వాళ్ళు జిరాక్స్ నోట్సు బట్టీ పట్టి, ప్రొఫెసర్ల పేర్లు తప్ప ఏమీ తెలియకుండా పాసైపోతారని ఆవిడ బాధ. మొత్తం పన్నెండు అధ్యాయాలు. మా ఇంటికొచ్చిన మూడేళ్ళలో పదకొండు రాసేసింది. వాటిని తెలుగులో టైప్ చెయ్యడం నా వంతు. పన్నెండోది గుర్రం.

ఆ గుర్రం కథ మా తమ్ముడికీ నాకూ చిన్నప్పుడు అన్నం ముద్దలతో పాటు వెళ్ళిన కథ. బెర్లిన్‌లో ఒక రిటైరైన లెక్కల మేష్టారు. ఆయనకో గుర్రం. బ్లాక్‌బోర్డు పెట్టి, ఓపిగ్గా, దానికి లెక్కలు నేర్పాడు. మూడూ నాలుగూ ఎంత అంటే ఏడుసార్లు గిట్ట కొట్టి ఆగిపోయేది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. పెద్దమనుషుల కమిటీ వచ్చింది. మోసం ఏమీ లేదు అన్నారు, నిజంగానే లేదు. చివరికి ఒక కుర్ర పరిశోధకుడు వచ్చి రెండు పనులు చేశాడు. అడిగేవాడికే జవాబు తెలియని ప్రశ్నలు అడిగించాడు. అడిగేవాడు గుర్రానికి కనపడకుండా అడ్డం పెట్టాడు. గుర్రం తెల్లమొహం వేసింది. సంగతేమిటంటే, ప్రశ్న అడిగాక మేష్టారు కాస్త ముందుకి వంగి గిట్ట వైపు చూసేవాడు. సరైన లెక్క రాగానే ఆయన తల వెంట్రుకవాసి పైకి లేచేది, మొహం తేలికపడేది. ఆ సంగతి ఆయనకీ తెలియదు. గుర్రానికి లెక్కలు రావు గానీ మొహం చదవడం వచ్చు.

"అప్పటిదాకా ఎదుటివాడి బుర్రని పరీక్షించారు. ఆ రోజు పరీక్ష పెట్టేవాడి మెడని పరీక్షించారు. సైకాలజీ శాస్త్రం అయింది ఆ రోజే" అనేది అమ్మ. క్లాసులో డస్టర్‌తో బల్ల మీద గిట్టల చప్పుడు చేస్తూ ఈ పాఠం చెప్తుంటే పక్క క్లాసు పిల్లలు కిటికీల దగ్గర మూగేవారట. అందుకే ఆ అధ్యాయాన్ని అన్నిటికన్నా బాగా రాయాలని చివరికి పెట్టుకుంది.

"నాకున్న టైమ్ ఎంతో తెలియాలి" అంది ఆ నోట్‌బుక్ చదివిన వారం తర్వాత, మళ్ళీ. "జబ్బే అయితే మిగతావి దిద్దడం మానేసి గుర్రం ముందు రాసేస్తాను. రాస్తుంటే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోతోంది. నువ్వు కూర్చుని రాసుకోవాలి, నేను చెప్తాను." ఇంత స్పష్టంగా మాట్లాడే మనిషికి జబ్బేమిటని నేననుకున్నాను. పోరు పడలేక అపాయింట్‌మెంట్ బుక్ చేశాను.

వెళ్ళేముందు అమ్మ రెండు షరతులు పెట్టింది. ఒకటి, పరీక్ష తెలుగులో జరగాలి. ఆవిడకి ఇంగ్లీష్ రాక కాదు. "ఇంగ్లీష్‌లో పెడితే నా ఇంగ్లీష్‌ని కొలుస్తారు, జ్ఞాపకశక్తిని కాదు" అంది. రెండోది, తర్జుమా చేసి చెప్పేది నేను కాకూడదు, బయటి మనిషి కావాలి. మొదటిది ఒప్పుకున్నాను.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మాది కోస్తా క్రైస్తవ కుటుంబం. సండే స్కూల్‌లో ప్రతి ఆదివారం బైబిల్లోంచి ఒక కంఠత వాక్యం అప్పజెప్పాలి. నేను ముందు నిలబడి నీళ్ళు నమిలితే, మొదటి వరసలో కూర్చున్న అమ్మ పెదవులు కదిలేవి, చప్పుడు లేకుండా. నేను ఆ పెదవుల్ని చూసి వాక్యం పూర్తి చేసేదాన్ని. పక్కన అందరి అమ్మల పెదవులూ కదులుతూనే ఉండేవి. పెళ్ళిచూపుల్లో పిల్ల బదులు పిన్ని చెప్తుంది. డాక్టరు దగ్గర మొగుడి కడుపునొప్పి పెళ్ళాం చెప్తుంది. మనవాళ్ళలో మాట అందించడం తప్పు కాదు, అందించకపోతే తప్పు. "పక్కనే ఉండి ఒక్క మాట అందించలేకపోయావా?" అని తిట్టని ఇల్లు ఉందా?

క్లినిక్‌లో ఫోన్ ఇంటర్‌ప్రెటర్ దొరకడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. నాకు పదకొండింటికి మీటింగ్ ఉంది. "ఐ యామ్ హర్ డాటర్, ఐ కెన్ ఇంటర్‌ప్రెట్" అన్నాను. డాక్టరమ్మ సరేనంది. అమ్మ నా వైపు చూసింది.

ఐదు మాటలు చెప్పి, గుర్తుపెట్టుకోమంది డాక్టరమ్మ. తెలుగులో చెప్పాను. అద్దం, గొడుగు, బియ్యం, వంతెన, ఎరుపు. తర్వాత గడియారం బొమ్మ వెయ్యమంది, వందలోంచి ఏడేసి తీసెయ్యమంది, ఇది ఏ నెల అని అడిగింది. నెల దగ్గర అమ్మ తడబడి, "అక్టోబర్..." అంటూ నా మొహంలోకి చూసింది. నా గడ్డం దానంతట అదే కాస్త పక్కకి తిరిగినట్టుంది. "కాదు, నవంబర్" అంది అమ్మ. దానికి నన్ను తప్పుపట్టడానికి లేదు, ఆ మేష్టారినీ తప్పుపట్టలేదు కదా.

తప్పు ఆ తర్వాత చేశాను, తెలిసే చేశాను. ఐదు మాటలూ తిరిగి చెప్పమంది డాక్టరమ్మ. అమ్మ "అద్దం" అంది. "గొడుగు" అంది. ఆగిపోయింది. అమ్మ చేతివేళ్ళు చీర కుచ్చిళ్ళు నలుపుతున్నాయి. ఆ వేళ్ళని చూడలేకపోయాను. ప్రశ్న మళ్ళీ చెప్తున్నట్టు గొంతు పెట్టి, "చెప్పమ్మా, పొద్దున నువ్వు కడిగి పెట్టావే, అది. వచ్చేటప్పుడు నది మీద దాటొచ్చామే, అది" అన్నాను. "బియ్యం. వంతెన" అంది అమ్మ. చివరి మాటకి మాట కూడా అవసరం లేకపోయింది. నా స్వెట్టర్ ఎర్రది. చెయ్యి పైకెత్తి మోచెయ్యి గోక్కున్నాను. డాక్టరమ్మకి తెలుగు రాదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక ఆవిడేం పడుతుంది.

"ఎరుపు" అంది అమ్మ. నా మొహం ఎంత వెలిగిపోయిందో నాకు తెలియదు. అమ్మకి తెలుసు.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పేస్తాను, సిగ్గుతో పాటు. నేను మందుల కంపెనీలో పనిచేస్తాను. కొత్త మందు ట్రయల్స్ నడిచేటప్పుడు ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త బిళ్ళ ఇచ్చారో, రోగికీ తెలియకూడదు, డాక్టర్‌కీ తెలియకూడదు. తెలిస్తే ఆశ మొహంలో కనపడిపోతుంది, లెక్కలన్నీ పాడైపోతాయి. ఆ గుట్టు ఎక్కడైనా జారిందేమో చూడడమే నా పని. ఆ రోజు మీటింగ్‌కి టైమ్‌కే వెళ్ళాను. ఎక్కడో ఒక నర్సు నోరు జారిందని అరగంట సేపు గట్టిగా మాట్లాడాను.

రిపోర్టులో వయసుకి తగ్గట్టు బాగానే ఉందని రాశారు. తమ్ముడికి కార్‌లోంచే ఫోన్ చేసి ఏడ్చాను, సంతోషంతో. ఎడిసన్ దగ్గర ఒక అమెరికన్ చర్చి హాల్లో మధ్యాహ్నం పూట మా తెలుగు ఆరాధన జరుగుతుంది. ఆ ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ళని ముందుకి రమ్మంటే లేచి వెళ్ళాను. "దేవుడు మా అమ్మకి మంచి జ్ఞాపకశక్తి ఇచ్చాడు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు" అన్నాను. డాక్టర్లెవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆంటీలు వచ్చి అమ్మ చేతులు పట్టుకుని వందనాలు చెప్పారు. అమ్మ తల వంచుకుని పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటూ కూర్చుంది. వినయం అనుకున్నాను.

ఆ తర్వాత అమ్మ చిన్న నోట్‌బుక్ చదివి వినిపించడం మానేసింది. కుక్కర్ మూతల గురించీ, పేర్ల గురించీ మళ్ళీ నోరెత్తలేదు. "చూశావా, భయమే. టెస్ట్ అయ్యాక భయం పోయింది" అన్నాడు తమ్ముడు. అవున్రా అన్నాను. మేమిద్దరం సైకాలజీ లెక్చరర్ కడుపున పుట్టాం.

గుర్రం సంగతి మాత్రం అడుగుతూనే ఉండేది. "ఈ వారం కూర్చుందామా? చెప్తాను, రాసుకో." ఈ వారం ఆడిట్ ఉందమ్మా. వచ్చే వారం పిల్ల సైన్స్ ఫెయిర్ ఉందమ్మా. ఎండాకాలం రానీ అమ్మా. ఒకసారి విసుక్కున్నాను కూడా. "తొందరేముంది? నార్మల్ అన్నారుగా!" అన్నాను. అమ్మ నన్ను కాసేపు చూసి, "అవును, అన్నారు" అంది. ఒక మాటని పట్టుకుని మనిషి నోరు ఎలా మూయించవచ్చో నాకు అప్పుడు తెలియకుండానే తెలిసిపోయింది. ఆ తర్వాత చాలాసార్లు వాడాను. ఉప్పు రెండుసార్లు వేసినా నార్మలే, మనవరాలిని నా పేరు పెట్టి పిలిచినా నార్మలే.

దాదాపు ఏడాదిన్నర గడిచాక, మార్చిలో ఆలస్యంగా మంచు పడి ఆఫీస్ మూసేసిన ఒక రోజు, ఎట్టకేలకి టైప్ చెయ్యడానికి నోట్‌బుక్కులు ముందేసుకున్నాను. మొదటి నాలుగు అధ్యాయాలు కళ్ళకద్దుకునేలా ఉన్నాయి. ప్రయోగశాల, ఇత్తడి గడియారాలు, డాక్టరేట్‌కి కావలసినవన్నీ పూర్తి చేసినా ఆడదన్న ఒకే ఒక్క కారణంతో పట్టా దక్కని ఒక అమెరికన్ పండితురాలు. అక్కడ అమ్మ కలం కాగితాన్ని చింపినంత పని చేసింది. ఐదో అధ్యాయం మరుపు గురించి. జర్మనీలోనే ఇంకొకాయన, అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టి, గంటకెంత మర్చిపోయాడో, రోజుకెంత మర్చిపోయాడో తన మీద తనే ప్రయోగం చేసుకుని రాసిపెట్టాడు. అమ్మ కాలేజీ ల్యాబ్‌లో మెమరీ డ్రమ్ అని ఒకటుండేది. చిన్న కిటికీలోంచి ఒక్కో అక్షరాల ముక్కే కనపడి తిరిగిపోయేది. వేసవి సెలవుల్లో మమ్మల్ని దాని ముందు కూర్చోబెట్టి స్టాప్‌వాచ్ నొక్కేది. ఎవరు ఎక్కువ చెప్తే వాళ్ళకి ఐస్‌ఫ్రూట్.

ఆ అధ్యాయం ఐదో నోట్‌బుక్‌లో ఉంది. పదకొండు అధ్యాయాలూ అయ్యాక రాసిన ఇంకో నోట్‌బుక్‌లో మళ్ళీ ఉంది. దాని తర్వాతి దాంట్లో మళ్ళీ ఉంది. "జర్మనీలో ఒకాయన తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు" అనే మూడుసార్లూ మొదలైంది. మొదటిది ఇరవై పేజీలు. రెండోది ఆరు. మూడోది పేజీన్నర, మధ్యలో ఆగిపోయింది. కొత్త నోట్‌బుక్ ఒకటి విడిగా ఉంది. దాని మొదటి పేజీలో "గుర్రం" అని శీర్షిక, కింద "అమ్మాయి కూర్చున్నప్పుడు" అని ఒక్క ముక్క. మిగతా నోట్‌బుక్ అంతా తెల్లగా ఉంది.

చేతులు కాలాక ఆకులు వెతుక్కున్నాను. వేరే చోట, వేరే డాక్టరు. ఈయన మొదటి మాటే "ఫ్యామిలీ బయట కూర్చోండి" అన్నాడు. టాబ్లెట్‌లో ఇంటర్‌ప్రెటర్ వచ్చింది, తెలంగాణ యాసలో మాట్లాడే ఒకావిడ. "అమ్మా, మంచిగ కూసోండి. తొందరేం లేదు, మెల్లగ చెప్పుండ్రి" అంటోంది. తలుపు మూసుకుంటుండగా చూశాను. అమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, అక్కడ ఎవరూ లేకపోతే, వెనక్కి తిరిగి నాకోసం చూసింది. తలుపు పడిపోయింది.

నలభై నిమిషాల తర్వాత డాక్టరు నన్ను పిలిచి చెప్పినవన్నీ ఇక్కడ రాయను. మొదలై చాలా కాలమే అయ్యుంటుందన్నాడు. ఏడాదిన్నర కిందటి రిపోర్టు తిరగేసి, "దిస్ ఈజ్ ఆడ్" అన్నాడు. అప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఎవరు అని అడిగాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

కార్‌లో అమ్మకి సీట్‌బెల్ట్ నేనే పెట్టాను. రూట్ వన్ మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, తనలో తను అనుకుంటున్నట్టు, "ఈసారి గుర్రానికి మేష్టారు కనపడలేదు" అంది.

"అమ్మా, నీకు అప్పుడే తెలుసా?"

"ఆ గదిలో తెలీలేదు. మాట నాలోంచి వచ్చిందో నీ మొహంలోంచి వచ్చిందో. బయటికొచ్చాక తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా! డాక్టర్‌కి ఇంగ్లీష్‌లో చెప్పొచ్చుగా. నాకైనా చెప్పొచ్చుగా!" అరిచాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఆ రోజు కూడా అరిచింది నేనే.

అమ్మ సిగ్నల్ వైపు చూస్తోంది. మాటలు వెతుక్కుంటోందో, నన్ను వదిలేద్దామనుకుంటోందో తెలియలేదు. వెనక కార్ హారన్ కొట్టింది. సిగ్నల్ దాటాక అంది. "అప్పటికే నువ్వు తమ్ముడితో ఫోన్‌లో ఏడుస్తున్నావు. నీ మొహం అంత తేలికపడింది. మొహం తేలికపడ్డాక గుర్రం ఇంకా కాలు కొడుతుందా? ఆగిపోవాలి కదమ్మా."

మందులు ఇచ్చారు. ముందే మొదలుపెట్టి ఉంటే కాస్త మెల్లగా వచ్చేదేమో, రాకపోయేదేమో, ఎవరూ చెప్పలేరన్నారు. నా బాధ ఆ మందులు కాదు. గుర్రం రాసుకోవడానికి అమ్మకి ఏడాదిన్నర టైమ్ ఉండింది. అది ఉందని ఆవిడకి తెలుసు, తరిగిపోతోందని తెలుసు, కాగితం పట్టుకుని నా పక్కన తిరిగింది. ఒక్క నెల ఆదివారాలు చాలు. ఇంకెవరూ అక్కర్లేదు, నేను కుర్చీలో కూర్చుంటే చాలు.

తర్వాత కూర్చున్నాను. ఆఫీస్‌లో సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. రికార్డర్ పెట్టాను. అమ్మ "బెర్లిన్‌లో ఒక లెక్కల మేష్టారు" అని మొదలుపెట్టి, "ఆయనకో..." అని ఆగి, నా వైపు చూసేది. నేను అందించకూడదని పళ్ళు బిగబట్టుకుని గోడ వైపు చూసేదాన్ని. ఆ చూపు నా చెంప మీద తగులుతూ ఉండేది. మూడో రోజు నావల్ల కాలేదు, "గుర్రం అమ్మా, గుర్రం" అన్నాను. "ఆ, గుర్రం" అంది అమ్మ, సండే స్కూల్‌లో నేనన్నట్టే. అంతకుమించి ముందుకి వెళ్ళలేదు.

ఆ అధ్యాయాన్ని నేనే రాయొచ్చు. కథ నాకు తెలుసు, ఇందాక చెప్పాను కూడా. కానీ అది నేను చెప్పిన కథ. డస్టర్‌తో బల్ల మీద కొట్టి ఆవిడ చెప్పే ఆ పాఠంలో, పరీక్ష పెట్టేవాడి మెడ గురించి ఇంకా ఏమేమో ఉండేవి, నేను సరిగ్గా వినలేదు. అమ్మ మాటలు అమ్మ పేరు కింద నేను అందించడం ఇంకోసారి చెయ్యలేను. పదకొండు అధ్యాయాలు టైప్ చేసి పెట్టాను. మరుపు గురించిన మూడూ చేశాను, ఒకదాని తర్వాత ఒకటి.

ఇప్పుడు అమ్మ రోజుకి రెండు మూడుసార్లు ఒకే ప్రశ్న అడుగుతుంది. టిఫిన్ తిన్నానా అనీ, నాన్న వచ్చారా అనీ కాదు. "పుస్తకం అయిపోయిందా?" అంటుంది.

"అయిపోయిందమ్మా. ప్రింట్‌కి పంపించేశాం" అంటాను. గొంతు బాగానే ఉంటుంది, అలవాటైపోయింది. అమ్మ నా గొంతు వినదు. నా మొహంలోకి చూస్తుంది, కాసేపు. తర్వాత "పోనీలే" అని నా చెయ్యి తట్టి కిటికీ వైపు తిరిగిపోతుంది. ఆవిడ జ్ఞాపకంలోంచి నా పేరు పోయింది, చదువు పోయింది. మొహం చదవడం మాత్రం ఇంకా పోలేదు.